ఇండక్షన్ పొయ్యికి ఏ గిన్నె?

"డాక్టరుగారూ, మా ఇత్తడి గిన్నె ఇండక్షన్ పొయ్యిమీద వేడెక్కదేం?" అని అడిగే ఇల్లాళ్ళు నాకు ఆసుపత్రిలోనూ తగులుతుంటారు. ఆ పొయ్యిలో మంట ఉండదు. లోపలి తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకు ఇనుములాంటి లోహం కావాలి. ఇత్తడి, రాగి, ఉత్త అల్యూమినియం పనికిరావు. స్టీలైనంత మాత్రాన చాలదు. అడుగుకు అయస్కాంతం గట్టిగా అతుక్కోవాలి. (ఆ అయస్కాంతాన్ని పేస్‌మేకరు ఉన్నవారి చేతికి మాత్రం ఇవ్వకండి.)

నేనూ ఇంతవరకే చూసి గిన్నెలు కొన్నాను. మా అమ్మకు పేస్‌మేకరు ఉంది. ఒక ఉదయం ఆవిడ పొయ్యిమీద గీసిన పెద్ద వలయంలో చిన్న పాలగిన్నెను ఓ పక్కగా పెట్టి, పొంగు వస్తుందేమోనని వంగి చూస్తోంది. నా గుండె గతుక్కుమంది. గిన్నె వలయాన్ని కప్పకపోతే అయస్కాంత క్షేత్రం పక్కలకు ఎక్కువగా వస్తుంది. పేస్‌మేకరుకూ పొయ్యికీ రెండడుగుల ఎడం ఉండాలని రోగులకు చెప్పేవాణ్ణి, ఇంట్లో చెప్పడం మరిచాను!

ఆవేళే వలయానికి సరిపోయే, అడుగు చదునైన గిన్నె తెచ్చాను.

"ఇద్దరి కాఫీకి ఇంత గిన్నె ఎందుకురా?" అని అమ్మ సణిగింది.

ఇప్పుడు పాలు నేనే కాస్తున్నాను.