మంచుకొండల మీద చక్రాలు

లడాఖ్‌లో త్సో మొరీరీ అనే పెద్ద సరస్సు ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. చుట్టూ చెట్టూ చేమా లేని బోడికొండలు. చలికాలంలో సరస్సు గడ్డకట్టిపోతుంది. వేసవిలో మంచు కరిగి వాగులై పారుతుంది. ఆ వాగుల పక్కన మంచినీటి మడుగులు ఉంటాయి.

మేము వేసవిలో అక్కడికి వెళ్ళాము. వెంట చిన్న మైక్రోస్కోపు ఒకటి తీసుకుపోయాను. "ఇంత చల్లని నీళ్ళలో ఏ ప్రాణి బతుకుతుంది, తాతయ్యా?" అన్నాడు మా మనమడు. నేను మడుగు అంచున ఉన్న నాచును సీసాలోకి పిండి, అందులోంచి ఒక బొట్టు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. వాడు కన్ను ఆనించి, "అరె! తలమీద గిలకలు తిరుగుతున్నాయి!" అని కేకపెట్టాడు.

అవి రోటిఫర్లు. ఆ పేరుకు లాటిను భాషలో చక్రాలు మోసేవని అర్థం. వాటిలో చాలావాటి పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. నిజానికి తలమీద ఉన్నవి చక్రాలు కావు, సన్నని నూగు. ఆ నూగు వరసగా కదులుతుంటే చక్రం తిరిగినట్టు కనిపిస్తుంది. దానితో నీటిలో సుడి పుట్టించి, కంటికి కనపడని నాచును నోట్లోకి లాగుకుంటాయి.

మరి ఇవి ఇంత ఎత్తుకు ఎలా వచ్చాయి? గడ్డుకాలం వస్తుందనగా కొన్ని రకాలు గట్టి పెంకుగల గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు చలికీ ఎండకూ తట్టుకుని బురదలో నిద్రపోతాయి. మరికొన్ని రకాలు తామే ఎండి ముడుచుకుపోయి, నీరు తగిలితే మళ్ళీ లేస్తాయి. గాలి వాటిని మోసుకుపోతుంది. పక్షుల కాళ్ళకు అంటిన బురదతో కూడా అవి ప్రయాణం చేస్తాయి. తలమీద నల్లచారలుండే పెద్దబాతులు ఈ సరస్సు దగ్గర పిల్లలను చేస్తాయి. ఆ జాతి బాతులే చలికాలంలో దక్షిణాది చెరువులకు కూడా వస్తాయి గదా!

1932లో హచిన్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు లడాఖ్ సరస్సులను పరిశీలించి, అక్కడి సూక్ష్మజీవులను సీసాల్లో పట్టి అమెరికాకు తీసుకుపోయాడు. వాటిలోని రోటిఫర్లను ఎడ్మండ్‌సన్ అనే హైస్కూలు కుర్రవాడు పరీక్షించాడు. ఇద్దరి పేర్లతో 1934లో నివేదిక అచ్చయింది. ఆ కుర్రవాడే పెద్దవాడై, సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు మురుగువల్ల చెడిపోతున్నదని రుజువు చేశాడు. 1963 నుంచి 1968 లోగా ఆ మురుగును సరస్సులో పడకుండా మళ్ళించారు. నీరు మళ్ళీ తేటపడింది.

ఈ కథ విన్న మనమడు, మడుగులో తేలుతున్న బిస్కత్తు కాగితాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. సీసాలో మిగిలిన నీళ్ళు మడుగులోనే పోసి, "మన ఊరి చెరువులో కూడా ఇవి ఉంటాయా?" అని అడిగాడు.

"ఉంటాయి. ఊరు చేరగానే చూద్దాం," అన్నాను.