కొనేవారికి ఇల్లు చూపించడం

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు మన పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం ఎవరూ అన్నట్లు లేదు. అమ్ముకొనేవాడికి సామెత చెప్పడం బాగుండదనుకొన్నారేమో! కాని, కట్టినవాడి పాట్ల కంటె అమ్మేవాడి పాట్లు తక్కువేమీ కావని మాకు నిరుడు బోధపడింది.

రాయగడలో మా తాతగారు కట్టించిన యిల్లు అది. మేమంటే కోరాపుట్‌లో స్థిరపడిన మేమిద్దరమూ, విశాఖపట్టణంలో వున్న తమ్ముడూ, బరంపురంలో వున్న అక్కయ్యా. అక్కయ్యకు కూడా భాగమా అని ఆశ్చర్యపోయిన బంధువులు లేకపోలేదు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక కూడా ఆ ప్రశ్న అడుగుతున్నారంటే మాకే ఆశ్చర్యంగా వున్నది. ఎనభైనాలుగేళ్ల మా అమ్మ అంత యింట్లో ఒంటరిగా వుండలేకపోతున్నది. కోరాపుట్ చలి ఆమె కీళ్లకు పడదు. విశాఖలో మెట్లెక్కే పని లేని చిన్న యిల్లు కొని అక్కడ వుంచాలని సంకల్పం. దానికి డబ్బు కావాలి గదా! అంచేత అమ్మకం విషయంలో మాలో మాకు భేదం రాలేదు. భేదమంతా, వచ్చినవారికి ఇల్లు ఎలా చూపించాలి అన్న దగ్గర వచ్చింది.

మొదటి సలహా న్యూజెర్సీలో వున్న మా మేనకోడలిది. ఆ దేశంలో అమ్మబోయే యిల్లు అలంకరించిపెట్టడమే వృత్తిగా పెట్టుకొన్నవారున్నారట. గోడల మీది కుటుంబం ఫొటోలు, దేవుడి పటాలు ముందు తీసివెయ్యాలట. చూడవచ్చినవాడు అది తన యిల్లే అని వూహించుకోవడానికి అడ్డు వుండకూడదట. మాట బాగానే వున్నదని వీధిగదిలో తాతగారి పటం, మామ్మగారి పటం దించి చూశాము. డెబ్బై ఏళ్లుగా పటం వున్న చోట గోడ తెల్లగానూ, చుట్టూ పొగచూరినట్లూ, రెండు చదరాలు తేలాయి. ఎవరు వచ్చినా వాటి వంకే చూస్తారు. ఇక దేవుడి పటాలా? మజ్జి గౌరమ్మ కొలువున్న ఊళ్లో దేవుడి మూల ఖాళీగా కనబడితే, "ఈ యింట్లో ఏం జరిగిందండీ?" అని అడుగుతారే గాని తమ పటాలను అక్కడ వూహించుకోరు. అన్నీ మళ్లీ తగిలించేశాము.

రెండవది, మన వైపు నిజంగా అవసరమైనది, కాగితాలు చూపించడం. రాయగడ, కోరాపుట్ జిల్లాలు రెండూ పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. గిరిజనుల భూమిని గిరిజనేతరులు తీసుకోకుండా 1956లో ఒడిశా ప్రభుత్వం రెండవ నంబరు రెగ్యులేషను తెచ్చింది. 2002 నుండి అది మరింత కట్టుదిట్టమైంది. ఆ చట్టం వుండవలసినదే. దస్తావేజు మీద వేలిముద్ర వేసి కొండదారి పట్టినవారి కథలు మన పెద్దలు వినని కథలా? అందుచేత తెలివైన కొనుగోలుదారు గుమ్మం తొక్కగానే, గదులెన్ని అని అడగడు, "ఈ స్థలం మొదట ఎవరిది?" అని అడుగుతాడు.

మా దగ్గర వున్న మూలదస్తావేజు తెలుగులో వున్నది. ఇప్పటి కుర్రవాళ్లకు అది వింత. విజయనగరం నుండి రాయపూరుకు రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ రోజుల్లోనే తాతగారు వ్యాపారం కోసం పార్వతీపురం నుండి వచ్చారు. అప్పటికి రాయగడ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లా ఏజెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న రాయగడే జిల్లా అయింది. కదలకుండా కూర్చున్న యిల్లు మూడు జిల్లాలు తిరిగిందన్నమాట! ఆ దస్తావేజుకు ఒడియా తర్జుమా చేయించి, ఇప్పటి పట్టా, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, ముగ్గురి అంగీకారపత్రం కలిపి ఒక ఫైలు కట్టి వీధిగది బల్ల మీద పెట్టాము. వచ్చినవారిని మొదట అక్కడ కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఫైలు చేతికి ఇచ్చేవాళ్లం. ఇల్లు చూడడం తరువాత. ఇరవై రంగుడబ్బాల కన్న ఆ ఫైలే యింటికి ఎక్కువ వన్నె తెచ్చింది.

ధర దగ్గర మరొక చిక్కు. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రకటించారు. విద్యార్థులలో సగంమందికి కాఫీ కప్పులు ఊరికే ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. మిగిలిన సగాన్ని ఎంతకు కొంటారని అడిగారు. చేతికి వచ్చి ఎంతోసేపు కాని కప్పుకు కూడా, కొనేవారు ఇస్తామన్నదానికి రెట్టింపు పైన అడిగారు అమ్మేవారు. ఇక మూడు తరాల యింటి సంగతి చెప్పాలా? అక్కయ్య చెప్పిన అంకె వింటే బ్రోకరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. అందుకని మా ముగ్గురి అంకెలూ పక్కనపెట్టి, మా చుట్టరికం లేని ఒక ఇంజనీరుచేత విలువ కట్టించాము.

అసలు గొడవ ఉత్తరపు గోడది. ఆ గోడ వానాకాలంలో చెమ్మగిలుతుంది. 2017 జూలైలో నాగావళి పొంగి, తేరుబలి దగ్గర రైలువంతెన కొట్టుకుపోయినప్పుడు మా వీధికి నీరు రాలేదు గాని, ఆ వారమంతా గోడ మాత్రం కారింది. బ్రోకరు సలహా సులువుగా వున్నది: వైశాఖంలో రంగు వెయ్యండి, చినుకు పడకముందే బేరం ముగించండి, వచ్చినవారు చూస్తున్నంతసేపు మీ అమ్మగారిని పక్కింట్లో కూర్చోబెట్టండి. ముసలివాళ్లు అడగని సంగతులు కూడా చెప్పేస్తారట!

తమ్ముడికి ఇందులో మొదటి రెండూ నచ్చాయి. లోకమంతా చేసేదే గదా అన్నాడు. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ఒకటి వున్నది. కొనేవాడికి తెలియనిది, మామూలు జాగ్రత్తతో చూస్తే పట్టుపడనిది అయిన ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిస్తే, అతడు చెప్పితీరాలి. దాస్తే మోసం కిందికే వస్తుంది. అంటే ఏమిటి? రంగు వెయ్యకపోతే మరకలతో గోడే తన సంగతి తాను చెప్పుకొంటుంది. వేస్తే మనం నోరు విప్పి చెప్పాలి. రంగుకు డబ్బు పోసి, ఆపైన చెప్పుకోవడం కూడానా అని మేము వాదిస్తే తమ్ముడు వూరుకొన్నాడు. వీధివైపు మాత్రం సున్నం కొట్టించి, పెరటి నూతి చుట్టూ గడ్డి తీయించి, ఉత్తరపు గోడను అలాగే వుంచాము.

ఇక అమ్మను పక్కింటికి పంపే మాట ఆమెతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పైగా యిల్లు ఆమే చూపించింది. మేము వీధిగది నుండి మొదలుపెడితే ఆమె దొడ్డి నుండి మొదలుపెట్టేది. ఎండాకాలంలో నూతిలో నీళ్లు ఎంత లోతుకు పోతాయో, ఏ వాసానికి చెద పట్టిందో, మధ్యాహ్నం ఏ గది చల్లగా వుంటుందో ఒడియాలో చక్కగా చెప్పేది. ఆడవాళ్లు ఆమె వెంట, మగవాళ్లు మా వెంట. తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లకే ఎక్కువ తెలిసేది.

పదకొండుగురు వచ్చారు. చివరకు ఇద్దరు మిగిలారు. ఒకరు ఉద్యోగం నుండి రిటైరయిన ఒడియా దంపతులు. ఆ యింట్లోనే కాపురముండాలని వారి కోరిక. శ్రావణంలో పనిగట్టుకొని మళ్లీ వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, బాగుచేతకు అయ్యే మొత్తం తగ్గించి అడిగారు. న్యాయమైన బేరం. రెండవవారు తెలుగువారే, బట్టల వ్యాపారి. ఆయన గదుల్లోకి రానేలేదు. వీధివైపు టేపు పెట్టి కొలిచి, నాలుగు లక్షలు ఎక్కువ చెప్పారు. యిల్లు పడగొట్టి దుకాణాలు కడతారు.

మేమూ, అక్కయ్యా దంపతుల వైపు మొగ్గాము. తమ్ముడు లక్షల వైపు. అమ్మను అడిగితే మనసు కష్టపెట్టినట్లవుతుందని మూడు రోజులు గుసగుసలాడుకొన్నాము. నాలుగో రోజు ఆమే పిలిచింది.

"ఏమిటర్రా మీ గుసగుసలు? షావుకారికే ఇవ్వండి. ఆ నాలుగు లక్షలుంటే విశాఖలో యింటికి కాస్త పెరడు వస్తుంది. ఆ పిల్ల మంచిదే, కాని ఈ గోడతో నేను యాభై ఏళ్లు వేగాను. ఆవిడెందుకు వేగడం?" అన్నది.

అక్కయ్య కళ్లు తుడుచుకొన్నది. అమ్మ తుడుచుకోలేదు. ఆ దంపతులకు మేమే వెళ్లి చెప్పాము. వారు నొచ్చుకొన్నారు, అది సహజమే. షావుకారు బయానా నగదుగా తెచ్చారు గాని, 2015 నుండి స్థిరాస్తి బయానా ఇరవైవేలూ, ఆ పైనా నగదుగా పుచ్చుకోకూడదు గనుక బ్యాంకు ద్వారానే పుచ్చుకొన్నాము.

రిజిస్ట్రీ అయిన మర్నాడు షావుకారి మేస్త్రీ వస్తే అమ్మ అతనికి కూడా యిల్లంతా చూపించింది. నడిమి దూలం టేకుది, రంపం పెట్టకుండా విప్పి దించమన్నది. నూతి ఒరలు ఎన్ని వున్నవో లెక్క చెప్పింది. సన్నికల్లు మాత్రం అంతకు ముందురోజే గోనెలో చుట్టి, తమ్ముడి కారులో పెట్టించింది.