బ్రోకరు లేకుండా ఇల్లు అమ్మినాము

పొన్మలపట్టి ఇల్లు బ్రోకరు లేకుండా అమ్మినాము అని తెలిసినప్పటి నుండి రోజుకొకరు ఫోను చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పడం కంటే మొత్తం ఒకేసారి రాసిపెడదామని ఇద్దరం కూర్చున్నాము. మాది తమిళ మీడియం చదువు. ఈ అక్షరాలు సంఘం క్లాసులో, రిటైరైన తరువాత నేర్చుకున్నవి. మాట ఎక్కడైనా తమిళం వైపు వాలితే సర్దుకొని చదవండి.

ఆ ఇల్లు మీలో చాలామందికి తెలుసు. నాగపట్నం నుండి రైల్వే వర్క్‌షాపు పొన్మలకు వచ్చిన కాలంలో, 1920ల చివర, తాత ఇక్కడికి వచ్చినాడు. ఆయన కాలమంతా క్వార్టర్సులోనే గడిచిపోయింది. నాయన 1968లో 1,800 చదరపు అడుగుల మనె కొని, తిన్నె పెట్టి, బావి తవ్వించి, కొద్దికొద్దిగా కట్టినాడు. నాయన 2006లో పోయినాడు, అమ్మ 2017లో. వీలునామా లేదు. పిల్లలు బెంగుళూరులో ఉన్నారు, వాళ్లు తిరిగి రారు. మా మోకాళ్లు మెట్లు ఎక్కనంటున్నాయి. అందుకని అమ్మకం.

బ్రోకరు వద్దనుకోవడానికి మొదటి కారణం లెక్కే. మా వైపు వాడుక, అమ్మేవారి దగ్గర 2 శాతం, కొనేవారి దగ్గర 2 శాతం. 63 లక్షలకు అది ఒక్కొక్క వైపు 1,26,000. రైల్వేలో పార్సెల్ ఆఫీసులో 30 ఏళ్లు రిజిస్టరు రాసినవాళ్లం. కాగితం పని మేమే చేసుకోగలం అనిపించింది. బ్రోకర్లంతా చెడ్డవాళ్లని మేము అనము. అమెరికాలో ఉండి, ఇల్లు తెరిచి చూపించే మనిషి కూడా లేనివారికి బ్రోకరు కావాల్సిందే. మేము ఊళ్లోనే ఉన్నాము, పొద్దంతా ఖాళీ.

కాగితాలు మొదట సరిచేయండి, తరువాతనే బోర్డు పెట్టండి. తాయ్ పత్రం ఒరిజినలు ఇనుప పెట్టెలో ఉండింది, అది నాయన పుణ్యం. విల్లంగం రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో తీయవచ్చు. వీధివారీగా గైడ్‌లైన్ విలువ కూడా అక్కడే ఉచితంగా చూడవచ్చు. నాయనకు ఒకటి, అమ్మకు ఒకటి వారసు సర్టిఫికెట్టు తాసిల్దారు ఆఫీసులో తీసుకోవాలి. నాయనది ఒకటి ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. నాయన పోయినప్పుడు అమ్మకు కూడా ఒక భాగం వచ్చింది కదా, ఆ భాగం ఎవరికి పోయిందో చూపించాలి. పట్టా నాయన పేరులోనే నిలిచిపోయింది. దాన్ని ముగ్గురి పేరుకు మార్చే పనికే అన్నిటికన్నా ఎక్కువ నాళ్లు పట్టినాయి.

ముగ్గురు అంటే మేము, తమ్ముడు, అక్క. ఇక్కడే కొంచెం నిలవాలి.

తమ్ముడు మొదటి మాటే ఇలా అన్నాడు: “అక్కకు 1982లోనే 15 సవర్ల నగ పెట్టి పెళ్లి చేసినాము కదా. విడుదల పత్రంలో ఒక సంతకం పెట్టించేద్దాం. నువ్వు సగం, నేను సగం.” మన సంఘంలో ఇది కొత్త మాట కాదు. పది ఇళ్లలో తొమ్మిదింట్లో ఇలాగే జరిగింది, మీకూ తెలుసు. ఇంకొకాయన వచ్చి, తమిళనాడులో 1989 చట్టం ఆ సంవత్సరం మార్చికి ముందే పెళ్లయిన ఆడబిడ్డకు వర్తించదు, మీ అక్కకు హక్కే లేదు అన్నాడు. 1989 చట్టం ఉన్నది నిజమే. తరువాత 2005లో దేశం మొత్తానికి మార్పు వచ్చింది. కానీ ఆ రెండూ పిత్రార్జితం సంగతి. ఇది నాయన జీతం డబ్బుతో కొన్న మనె, స్వార్జితం. వీలునామా లేకుండా పోతే స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమభాగం అని 1956 చట్టంలోనే ఉంది. పెళ్లి ఏ సంవత్సరం అయితే ఏమి? 15 సవర్లకు, మూడో వంతు ఇంటికి ముడివేయడానికి చట్టంలో చోటు లేదు.

అసలు కష్టం తమ్ముడితో కాదు, అక్కతో. “నాకు వద్దురా, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు, పెట్టేస్తాను” అన్నది. ఎందుకక్కా అంటే చాలాసేపు చెప్పలేదు. చివరకు, “డబ్బు తీసుకుంటే పుట్టింటి వాకిలి మూసుకుపోతుంది, పొంగలికి ఎవరు పిలుస్తారు” అన్నది. 43 ఏళ్లుగా ప్రతి పొంగలికీ వరుస తప్పక పంపుతున్నాము. అయినా ఆమెకు ఆ భయం.

మేము చెప్పింది ఇదే. అక్కా, నీ డబ్బు నీ ఖాతాలోకి రానీ. తరువాత తమ్ముడికి ఇవ్వాలనిపిస్తే ఇచ్చుకో, గుడికి ఇవ్వాలనిపిస్తే ఇచ్చుకో. రాకముందే వద్దంటే అది ఇచ్చినట్టు కాదు, మేము తీసుకున్నట్టు. తమ్ముడు ఒక నెల మాట్లాడలేదు. ఆ నెలలో బోర్డు పెట్టలేదు, ఎవరికీ ఇల్లు చూపించలేదు. మరదలు వచ్చి, అన్నీ తెలిసిన పెద్దవారు మీరే ఇలా చేస్తే ఎలా అని ఏడ్చింది. కాఫీ ఇచ్చి పంపినాము. చివరకు తమ్ముడే ఒక వకీలును అడిగి వచ్చి, సరే అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడా అంటే అది మేము చెప్పలేము.

అక్కకు సొంత ఖాతా లేదు, బావతో జాయింటు ఖాతా ఉంది. పాన్ కార్డు కూడా లేదు. రెండూ మొదట చేయించినాము. పాన్ లేకపోతే అమ్మకం డబ్బులో 1 శాతానికి బదులు 20 శాతం పన్ను పట్టుకుంటారు.

తరువాత బోర్డు. తమిళంలో పెద్ద అక్షరాలతో, ఓనరే అమ్ముతున్నారు, బ్రోకర్లు రావద్దు అని రాసినాము. గేటుకు ఒకటి, పెన్షనర్ల సంఘం నోటీసు బోర్డులో ఒకటి, మూల మీది చిల్లర కొట్టులో ఒకటి. మన వాట్సాప్ గ్రూపులో కూడా వేసినాము. ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి తేదీ, పేరు, ఎక్కడి నుండి, ఏమి అడిగినారు, మేము ఏమి చెప్పినాము అని రాసుకుంటూ వచ్చినాము. 41 ఫోనులలో 17 బ్రోకర్లవే. “సార్, పార్టీ రెడీగా ఉన్నాడు, కమిషను మీరు ఇవ్వక్కరలేదు” అంటారు. ఆ కమిషను ధరలో కలిసే వస్తుంది కదా.

గ్రూపులో వేసిన వెంటనే ఒక పెద్దాయన, మనవాళ్లకే ఇవ్వండి, ఇప్పటికే ఆ వీధిలో మన ఇళ్లు నాలుగు చేయి మారినాయి అని రాసినారు. ఆయన బాధ మాకూ ఉంది. ఆ వీధిలో ఒకప్పుడు సాయంత్రం తిన్నె మీద అంతా తెలుగే వినపడేది. అందుకే మొదట మనవాళ్లనే పిలిచినాము. ఇద్దరు వచ్చినారు. ఒకాయన 50 లక్షలు అన్నాడు. ఎందుకు అంత తక్కువ అంటే, మనవాళ్లం కదా అన్నాడు. ఇంకొకాయన 63కు ఒప్పుకున్నాడు. అయితే పత్రంలో 42 లక్షలే రాయాలి, మిగతా 21 నగదుగా ఇస్తాను అన్నాడు.

ఈ సంగతి కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే ఇది అందరికీ వస్తుంది. తమిళనాడులో కొనేవారికి స్టాంపు 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, మొత్తం 9. 21 లక్షలు దాచితే ఆయనకు 1,89,000 మిగులుతుంది. మాకు ఏమి మిగులుతుంది? ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 గాని, అంతకు మించి గాని నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత జరిమానా వేయవచ్చు. అది పుచ్చుకున్నవారి మీదనే పడుతుంది, ఇచ్చినవారి మీద కాదు. పైగా అక్క భాగం 7 లక్షలు నగదుగా పోతే అది ఎవరి బీరువాలోకి పోతుందో మాకు తెలుసు. వద్దండీ అని చెప్పి పంపినాము.

చివరకు కొన్నది ఒక తమిళ కుటుంబం. ఆమె గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు, ఆయన రైల్వేలోనే టెక్నీషియను. రెండోసారి వచ్చినప్పుడు ఆమె వేసవిలో బావిలో నీళ్లు ఎంత దిగుతాయి, వానకు ఏ గోడ చెమరుస్తుంది అని అడిగింది. పడమటి గోడ చెమరుస్తుందమ్మా అని ఉన్నది ఉన్నట్టు చెప్పినాము. బేరం ఒక లక్ష కూడా తగ్గలేదు, గోడకు సిమెంటు పూత మా ఖర్చుతో వేయించి ఇచ్చినాము. దీనికి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడటం లేదు. వారికి ఒక్క మాట. 1968లో నాయనకు ఆ మనె అమ్మింది కూడా ఒక తమిళాయనే. ఆయన వీధివాళ్లు ఆయనను ఏమి అడిగినారో, నాయన తమిళం విని ఎంత నవ్వుకున్నారో!

అగ్రిమెంటు 20 రూపాయల పత్రం మీద రాసుకొని ఊరుకోకండి. 2012 మార్పు తరువాత తమిళనాడులో అగ్రిమెంటు కూడా రిజిస్టరు చేయాలి. అడ్వాన్సు 3 లక్షలు, తలకు లక్ష, చెక్కుగా తీసుకున్నాము. వాళ్లకు బ్యాంకు లోను. బ్యాంకు వకీలు అడిగిన మొదటి కాగితమే అమ్మ వారసు సర్టిఫికెట్టు, రెండోది అక్క సమ్మతి. తమ్ముడు అది విని తల వంచుకున్నాడు.

50 లక్షలు గాని, అంతకు మించి గాని అయితే కొనేవారు 1 శాతం పట్టి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ముగ్గురైనా మొత్తం ధరే చూస్తారు. మా అమ్మకంలో, 2025లో, ఒక్కొక్కరి పేరుతో వేరువేరుగా ఫారం 26క్యూబి వేసినారు. మా తలకు 21,000. పన్ను పట్టిన సర్టిఫికెట్టు (మాకు అప్పుడు ఫారం 16బి) చేతికి వచ్చేదాకా వారిని వదలకండి, పన్ను లెక్కలో అది కావాలి.

2025 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్. అడ్వాన్సు, పన్ను పోగా డీడీలు మూడు, ఒక్కొక్కటి 19,79,000, ముగ్గురి పేర్లతో వేరువేరుగా. సంతకం పెట్టకముందే నంబర్లు పత్రంలో రాయించినాము. వేలిముద్ర యంత్రంలో అక్కది మూడుసార్లు పడలేదు, గిన్నెలు తోమి తోమి అరిగిన వేళ్లు. ఆ నర్సమ్మే తన చీరకొంగుతో అక్క వేలు తుడిచి మళ్లీ పెట్టించింది, పడింది. అక్క డీడీని మడిచి రవికెలో పెట్టుకోబోతే, మడవకక్కా అని కవరు ఇచ్చినాము. ఆ డబ్బు ఏమి చేసిందో మేము అడగలేదు.

లాభం మీద పన్ను సంగతి ఆడిటరుతో చూసుకోండి. పాత ఇల్లు అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఆధారంగా తీసుకోవచ్చు. 2024 జూలై 23కు ముందు వచ్చిన ఆస్తి కాబట్టి 12.5 శాతమా, సూచీ లెక్కతో 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. మేము రెండూ వేసి చూసినాము.

కరెంటు, నీళ్లు, ఇంటి పన్ను పేర్లు మార్చుకున్నారా అని కొన్నవారిని నెల తరువాత అడగండి. మార్చకపోతే మెసేజీలు మీ ఫోనుకే వస్తుంటాయి.

కాగితాల నకళ్లు, ఖర్చుల పట్టిక మా దగ్గర ఉన్నాయి. కావలసినవారు సాయంత్రం 5 తరువాత రండి. నోటుబుక్కు మాత్రం ఇంటికి పంపము, ఇక్కడే కూర్చొని రాసుకోవాలి.