యంత్రానికి ముందు ఒక నోటుపుస్తకము

మా రెండవ అబ్బాయి పాలిటెక్నిక్ ముగించి, రెండేళ్ళు పొరుగూరిలో బోర్డుల షాపులో పనిచేసి, నిరుడు వేసవిలో భీమవరము తిరిగి వచ్చాడు. “నాన్నగారూ, సొంతముగా లేజర్ కటింగ్ పెట్టుకుంటానండి. షీల్డులు, నేమ్ బోర్డులు, కీచైన్లు చేసుకుంటే బ్రతకవచ్చు” అన్నాడు.

సంఘము ఇచ్చే జీతముతో సాగే గృహము మాది. చేతిలో రొక్కము లేదు. ఉన్నదల్లా మా ఇంటావిడ మెడలోని మూడు కాసుల గొలుసు. పెండ్లినాడు మా మామగారు పెట్టినది. ఆమె ఒక్క మాటయినా అనకుండా తీసి బల్లమీద పెట్టింది. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

తరువాతి వారము ముగ్గురము వేరొక పట్టణములో యంత్రాలు అమ్మే షాపుకు వెళ్ళాము. పాతిక వేలలోపు చిన్న యంత్రము చూపి, “ఏదైనా కోస్తుందండి” అన్నారు. చెక్కమీద పేరు ముచ్చటగా చెక్కి చూపారు. మేము డబ్బు తీయబోతున్నాము. ఇంతలో అబ్బాయి సంచిలోనుండి తాను తెచ్చుకొన్న రంగులేని అక్రిలిక్ ముక్క తీసి పెట్టమన్నాడు. నీలి వెలుగు దాని గుండా సాగిపోయింది. ముక్కమీద గీతయినా పడలేదు!

అది డయోడ్ లేజరు. పలుచని చెక్క, అట్ట, తోలు దానికి లొంగుతాయి. కిటికీ అద్దములోనుండి ఎండ దూరినట్లు, రంగులేని అక్రిలిక్‌లోనుండి మాత్రం ఆ కాంతి దూరిపోతుంది. దానిని కోయడానికి కార్బన్ డయాక్సైడ్ లేజరు కావాలి. మన దేశములోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ గారు 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్నది అదే. దాని కిరణము 10.6 మైక్రాన్లది, కంటికి కనబడదు. అక్రిలిక్ దానిని పీల్చుకొని తెగుతుంది. కాని మాకు చెప్పిన ధర లక్షన్నర దాటింది.

తిరుగు బస్సులో మా ఇంటావిడ అన్నది: “ఎవరికి ఏమి చేసి ఇస్తాడో తెలియకుండా యంత్రము కొంటే ఎట్లాగండి? మా మేనత్త నరసాపురములో లేసు అల్లేది. సూది కొనడము ఆమెకు కష్టము కాలేదు, లేసు కొనేవారిని వెదకడమే కష్టమయింది.” లూకా 14వ అధ్యాయములోని గోపురము కట్టగోరినవాని ఉపమానము ఎన్నిసార్లో బోధించాము. మా ఇంటి లెక్క వచ్చేసరికి మరచాము.

మూడు నెలలు యంత్రము కొనలేదు. అబ్బాయి ఆర్డర్లు తెచ్చి, యంత్రమున్నవారి దగ్గర కూలికి కోయించి ఇచ్చాడు. ఏ సరుకు, ఎంత మందము, ఎన్ని నిమిషాలు, కూలి ఎంత, మిగులు ఎంత, అంతా నోటుపుస్తకములో వ్రాశాడు. 43 ఆర్డర్లలో 29 అక్రిలిక్‌వి. ఏదీ 5 మిల్లీమీటర్ల మందము, రెండడుగుల పొడవు దాటలేదు. రెండడుగుల బల్ల, 60 వాట్ల గొట్టము చాలునని ఆ పుస్తకమే చెప్పింది.

వాట్ల సంగతి అడిగేటప్పుడు కరెంటు వాట్లా, కిరణపు వాట్లా అని విడమరచి అడగండి. కొన్ని చిన్న యంత్రాల ప్రకటనలలోని పెద్ద అంకె యంత్రము తాగే కరెంటుది. కిరణము అందులో కొద్ది భాగమే.

యంత్రపు ధరతో లెక్క ముగియదు. గాజు గొట్టాన్ని నీళ్ళు చల్లబరచాలి. కరెంటు వచ్చీ పోయీ నీటి పంపు ఆగితే గొట్టము పగలవచ్చు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. నీటిని మరీ చల్లబరిస్తే గొట్టానికి చెమట పట్టి, వేల వోల్టుల కరెంటు దారి తప్పుతుంది. మంచి ఎర్తింగు తప్పనిసరి. పొగ బయటికి పోయే ఫ్యాను, గొట్టము పొరుగింటి కిటికీవైపు ఉండరాదు. గాజు గొట్టము కొన్నాళ్ళకు అరిగిపోయేదే గనుక ప్రతి ఆర్డరులో కొంత దానికని తీసిపెట్టాలి.

ఫ్లెక్సు, రెగ్జిను వంటి పి.వి.సి. సరుకును ఎవరు బ్రతిమాలినా కోయవద్దు. దాని పొగలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి ఊపిరితిత్తులను, యంత్రాన్ని తినివేస్తుంది. మూత తెరవగానే కిరణము ఆగిపోయే యంత్రమే కొనండి. అక్రిలిక్ అంటుకుంటుంది గనుక పని నడుస్తుండగా ఒక్క నిమిషమయినా విడిచి వెళ్ళవద్దు. మంటలార్పే సిలిండరు చేతికందేటట్లు ఉండాలి.

గొలుసు అమ్మలేదు. బ్యాంకులో తాకట్టు పెట్టి, చాలనిదానికి ముద్రా అప్పు తీసికొన్నాము. పుస్తకము చూచిన మేనేజరుగారు ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. నెలవారీ వాయిదా పనిలోనుండే వస్తున్నది. గొలుసు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నది.

మీ పిల్లలు ఇటువంటి యంత్రము అడిగితే వద్దనకండి, వెంటనే సరే అనకండి. ముందు పుస్తకము చూపించమనండి. ఆదివారము మా ఇంటావిడ బోసి మెడతోనే ఆరాధనకు వస్తుంది. గొలుసు ఏమయిందని ఎవరైనా అడిగితే, “అబ్బాయి లెక్కలు చూచి ఇచ్చానండి” అంటుంది.