యానాం రేవులో పరాసువారి జాడ

యానాం అనగానే మన సంఘంలోని పెద్దవాళ్ళకు రెండు సంగతులు జ్ఞాపకం వస్తాయి. ఒకటి పెళ్ళిళ్ళు, రెండోది మంగళవారం సంత. శారదా చట్టం 1929లో వచ్చిన తరువాత ఇంగ్లీషువారి ఇలాకాలో బాల్యవివాహం చేస్తే నేరం. గౌతమి ఒడ్డున ఉన్న ఈ పరాసువారి ఊళ్ళో ఆ చట్టం చెల్లదు. అందుచేత చుట్టుపక్కల జిల్లాలనుంచి పెళ్ళివారు బండ్లు కట్టుకొని ఇక్కడికి తరలివచ్చేవారు. యానానికి కళ్యాణపురమని పేరు వచ్చింది అలాగే. ఇక సంతకు వచ్చిన ఆడవారు సీమసరుకు కొంగున కట్టుకొని సరిహద్దు దాటిన కథలు ఏ ఇంట చూచినా ఒకటైనా దొరుకుతుంది. మా ఇంటి కథ మాత్రం ఇక్కడ వ్రాయము!

ఈ ఊరు చూడాలని మాకు చాలాకాలంగా ఉన్నది. ఎట్టకేలకు సెలవు మంజూరైంది. మేము నలుగురం కాకినాడలో బస్సెక్కాము. ఊరు చిన్నది, ముప్ఫై చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలో 55,626 మంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. ఏలుబడి మాత్రం ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. ఇంత చిన్న ఊరిని అంతదూరపు దొరతనం అన్నేళ్ళు ఎందుకు పట్టుకొని కూర్చున్నదన్న ప్రశ్న రేవులో నడుస్తున్నంతసేపూ మమ్మల్ని వదలలేదు.

పరాసువారు 1723లో ఇక్కడ కొట్టు పెట్టారు. గిట్టుబాటు కాక నాలుగేళ్ళకే మూసి, 1731లో మళ్ళీ తెరిచారు. గుడ్డ బేరం కోసం కట్టిన గిడ్డంగి క్రమంగా దొరతనానికి కాలు మోపే చోటయింది. పక్కనే నీలపల్లిలో, ఇంజరంలో ఇంగ్లీషువారూ అదే పని చేశారు. యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువారు యానాన్ని పట్టుకొనేవారు, సంధి కాగానే తిరిగి ఇచ్చేవారు. చివరికి 1814 పారిస్ సంధిలో ఊరు పరాసువారికే దక్కినా కోట కట్టరాదని, పోలీసు పనికి మించి సైన్యం ఉంచరాదని షరతు పడింది. కోట లేదు, సైన్యం లేదు. కోరంగి రేవు మేట వేసిన తరువాత బేరం కూడా ఏమంత లేదు. అయినా మరి నూటనలభై ఏళ్ళు జెండా దింపలేదు. ఆఫీసులో ఖాళీ కుర్చీని కూడా వదులుకోని శాఖలను చూచినవాళ్ళం గనుక మాకిది వింతగా తోచలేదు. కుర్చీ ఉంటే రేపు ఏదో ఒక మాట చెల్లుతుందని ఆశ.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో జనం పాలనాభవనాన్ని స్వాధీనపరచుకొన్నారు. ఆ నవంబరు 1న పెత్తనం చేతులు మారింది. 1956 మే 28న ఒడంబడిక మీద సంతకాలైనాయి; పారిస్‌లో ఆమోదం దొరకడానికి 1962 దాకా పట్టింది. ఒడంబడికలో ఒక మాటను మేము రెండుసార్లు చదువుకొన్నాము: ఈ ప్రాంతాల ప్రత్యేక పాలనాస్థితిని మార్చదలిస్తే ప్రజల అభీష్టం కనుక్కొన్న తరువాతే మార్చాలి. యానాం నేటికీ పుదుచ్చేరిలో భాగంగా ఉన్నదంటే దానికి పునాది ఆ మాటలోనే ఉన్నది.

రేవుకు వస్తే కళ్ళు ముందు పడేది టవరు మీద. నూరు మీటర్లకు పైగా ఎత్తు, పారిస్ ఈఫిల్ టవరును తలపించే ఇనుప కట్టడం, 2015లో ప్రారంభమైంది. ఇది ఫ్రాన్సువారు ప్రేమతో కట్టించి ఇచ్చిందని మాలో ఒకరు నిశ్చయంగా చెప్పేశారు. పక్కనే బెంచీమీద కూర్చున్న పెద్దాయన నవ్వి, "లేదండీ బాబూ, మన సొమ్మేనండీ. ఆళ్ళు ఒక్క మేకు కూడా ఇవ్వలేదండి" అన్నారు. ఆయన మాట నిజమే. పుదుచ్చేరి ప్రభుత్వం కట్టించినది. 2002లో తెరిచిన ఎదుర్లంక వంతెన, బాలయోగిగారి పేరు పెట్టినది, అదీ మన సొమ్మే.

అయితే ఫ్రాన్సు ఇవాళ మన దేశంలో ఏమీ పెట్టడం లేదనుకొంటే పొరపాటు. ఆ ప్రభుత్వానికి అభివృద్ధి సంస్థ ఒకటి ఉన్నది. అది 2008 నుంచి మన దేశంలో అప్పులిస్తున్నది. కొచ్చి మెట్రోకు 18 కోట్ల యూరోలు ఇచ్చింది. 2018లో మొదలైన నగరాల పథకానికి 10 కోట్ల యూరోలు ఒప్పుకొన్నది. ఆ పథకంలోని పన్నెండు నగరాలలో పుదుచ్చేరి ఉన్నది, మన విశాఖ, అమరావతి ఉన్నాయి. యానాం లేదు. పరాసువారి పోలిక తెచ్చుకొన్న టవరు మన ఖర్చు; పరాసువారి అప్పుతో నడిచేవి విశాఖ మునిసిపల్ బడుల బాగుసేత వంటి పనులు. వాటిముందు నిలబడి ఫొటో తీయించుకొనేవారెవరు?

కొచ్చి సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. ఆ మెట్రో పెట్టెలు చేసినది ఆల్‌స్టం అనే ఫ్రెంచి కంపెనీ. చేసినచోటు మన ఆంధ్రదేశంలోని శ్రీసిటీ. అప్పుకూ ఆర్డరుకూ కాగితం మీద ముడి లేదు. టెండరు పిలిచారు, కంపెనీ గెలుచుకొన్నది. కాని అప్పిచ్చిన దేశపు ఇంజనీర్లు, లెక్కల పద్ధతులు, పరిచయాలు ఒకసారి లోపలికి వచ్చిన తరువాత తలుపు దగ్గర నిలబడవలసిన అవసరం తక్కువ. ఇందులో మోసమేమీ లేదు. మన తెలుగు పిల్లలకు ఫ్యాక్టరీలో ఉద్యోగాలు వచ్చాయి, కొచ్చివారికి బండి వచ్చింది. ఫ్రాన్సుకు వడ్డీతోపాటు మన దేశంలో మరొక కుర్చీ దక్కింది. ఈసారి జెండా లేదు, అంతే.

మన విశాఖకు ఈ అనుభవం కొత్త కాదు. బైలదిల్లా ఇనుపరాయి తమ కొలుములకు కావాలని జపానువారు 1960లో ఒప్పందం చేసుకొన్నారు. ఆ రాయిని దింపడానికి కొత్తవలస నుంచి కొండలు తొలిచి రైలుమార్గం వేశారు, 1976లో ఔటర్ హార్బరు తెరిచారు. అరకు సొరంగాలలో ప్రయాణం చేసి ఆనందించేవారు ఆ దారి ఎవరి అవసరానికి పడినదో ఒకసారి తలచుకోవాలి. ఉక్కు కర్మాగారానికి రష్యావారితో 1979లో ఒప్పందమైంది. ఇద్దరికీ ఎవరి లెక్క వారికి ఉన్నది. రైలూ, రేవూ, కొలిమీ మాత్రం మనకు మిగిలాయి.

తిరుగుప్రయాణంలో కోరంగి దగ్గర బస్సు కొంతసేపు ఆగింది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపానులో నాశనమైనది. ఈ తీరాన్నే 1843లో కోరింగా పాకెట్ అనే ఓడ మనవారిని మారిషస్ చెరుకుతోటలకు మోసుకుపోయింది. అక్కడి తెలుగువారిని కోరంగీలని పిలవడానికి కారణం ఈ ఊరే.

ఆ మారిషస్‌కు ఇప్పుడు ఇచ్చేవారం మనం! 2016లో మన ప్రభుత్వం 35 కోట్ల 30 లక్షల డాలర్ల సాయం ప్రకటించింది. అందులో 27 కోట్ల 50 లక్షలు మెట్రోకు. లార్సెన్ అండ్ టూబ్రో కట్టిన ఆ మెట్రో 2019లో నడిచింది. కోరంగీల మనుమలు, మునిమనుమలు ఎక్కి తిరుగుతున్నారు. మాకు గర్వంగానే ఉన్నది, దాచడమెందుకు. అదే మారిషస్‌కు చెందిన అగలేగా అనే దీవిలో మనవారు విమానం దిగే దారి, ఓడరేవు కట్టించారు. 2024 ఫిబ్రవరి 29న ప్రారంభమైనాయి. ఆ దీవి మారిషస్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్ల ఉత్తరాన ఉన్నది. ఉండేవారు మూడువందల మంది. కొబ్బరిచెట్ల మధ్య అంత పొడుగు దారి తమకోసమేనా, హిందూ మహాసముద్రంలో చైనా ఓడలమీద కన్ను వేయడానికా అని వారిలో కొందరు అడుగుతున్నారు. ఇది సైనిక స్థావరం కాదని రెండు ప్రభుత్వాలూ చెప్పాయి. రోగిని పెద్దదీవికి చేర్చడానికి విమానం దిగే దారి అక్కరకు వచ్చే మాట నిజం. ఆ మూడువందల మంది అడిగే మాటా నిజం. కోటా సైన్యమూ లేని యానాంలో పరాసువారి జెండా చూచి, మన తాతలు కూడా ఇదెవరికోసమని అడిగే ఉంటారు.