బొమ్మలగుట్ట మీది ఆనవాలు

డిటెక్టివ్ నవలలంటే ప్రాణం పెట్టేవాళ్లు లండన్ వెళ్తే బేకర్ స్ట్రీట్‌లో 221బి గడప తొక్కకుండా రారు. ఎన్నడూ పుట్టని మనిషి ఇల్లు చూడడానికి టిక్కెట్టు కొంటారు. ఆ ప్రేమ నాకు తెలుసు. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజుల వెంట తెల్లవార్లూ తిరిగినవాణ్ణి. కరీంనగర్ వెళ్లినా నా కళ్లు ముందు పాత పుస్తకాల కోసమే వెతుకుతాయి.

ఒకప్పుడు తెలుగునాట ఈ నవలల్ని బతికించినవి అద్దె పుస్తకాల దుకాణాలు. చివరి పేజీలు ఊడిపోయి ఉంటే హంతకుడెవరో దుకాణదారునే అడిగేవాళ్లం. ఆ దుకాణాలు ఇప్పుడు లేవు. బస్టాండు బుక్‌స్టాల్లో పోటీపరీక్షల గైడ్ల వెనక మధుబాబు గారి షాడో నవల కనిపిస్తే పాత స్నేహితుడు ఎదురైనట్టే ఉంటుంది.

సాహిత్యం కోసం కరీంనగర్ వచ్చినవాళ్లకు ఈ వైపు చూడవలసినవి తక్కువేం కాదు. 1959లో విశ్వనాథ సత్యనారాయణ గారు ప్రిన్సిపాల్‌గా వచ్చిన కాలేజీ ఈ ఊళ్లోదే. సినారె పుట్టిన హనుమాజీపేట వేములవాడ దగ్గరే. ఇంకా ఉత్తరానికి పోతే ఆదిలాబాద్, హిందుస్తానీ సంగీతాన్ని తెలుగువాళ్లకు చెవిలో చెప్పినట్టు చెప్పిన సామల సదాశివ గారి ఊరు. కానీ అపరాధ పరిశోధన రుచి మరిగినవాళ్లు వెళ్లవలసిన చోటు నా లెక్కలో జగిత్యాల దారిలో ఉంది. గంగాధర మండలం కురిక్యాల, అక్కడి బొమ్మలగుట్ట.

బండమీద చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు. వాటి కింద పదో శతాబ్దపు శాసనం, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో పంపడు భారతం చెప్పాడు. ఆ కవి తల్లిదండ్రులు భీమపయ్య, అబ్బణబ్బె అనీ, వాళ్లది వంగిపర్రు అనీ, రాజు అతనికి ధర్మపురం అగ్రహారం ఇచ్చాడనీ ఈ రాయి చెబుతుంది. మూడు కంద పద్యాలు తెలుగులో ఉన్నాయి. నన్నయకు సుమారు నూరేళ్ల ముందే ఇక్కడ కందం నడిచింది. ఆ మూడు పద్యాలతో తెలుగు కందం వయసే మారిపోయింది.

నవలలో ఆనవాలు వదిలేది నేరస్థుడు. కావాలని కాదు, తొందరలోనో భయంలోనో వదులుతాడు. అందుకే దాన్ని పట్టుకున్న పరిశోధకుడి తెలివి మనకు అంత గొప్పగా కనిపిస్తుంది. జినవల్లభుడు దాచిందేమీ లేదు. అన్న పేరు మాసిపోకూడదని రాతికి ఎక్కించాడు. అయినా అది మట్టిలోని వేలిముద్రలాగే, చదవగలిగినవాడి కోసం వెయ్యేళ్లు కనిపెట్టుకొని ఉంది. డిటెక్టివ్ నవలలు రాసిన ఆరుద్ర గారే సమగ్ర ఆంధ్ర సాహిత్యం కూడా రాశారు. ఆ రెండు పనులకూ చూపు ఒకటేనని ఈ బండ ముందు నిలబడితే నాకు గట్టిగా అనిపిస్తుంది. అరిగిన అక్షరం దగ్గర ఆగడం, పక్క అక్షరాన్ని సాక్ష్యం అడగడం, తొందరపడి తీర్పు చెప్పకపోవడం రెండింటికీ కావాలి.

కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు ఎన్నో గుట్టల్ని తినేశాయి. ఇంకో గుట్టకు బండ అంటే రాయి, అంతే. ఈ గుట్టకు బండ అంటే కాగితం. అది పగిలితే దాని నకలు ఏ అద్దె దుకాణంలోనూ దొరకదు.

శాసనంలో ఇంకా ఉంది. జినవల్లభుడు త్రిభువనతిలకమనే బసది, అంటే జైన గుడి, కట్టించాడట, మదనవిలాసమనే తోట వేయించాడట, అన్న బిరుదైన కవితాగుణార్ణవ పేరుతో చెరువు తవ్వించాడట. గుట్ట దిగి చుట్టుపక్కల పొలాలు చూస్తూ నడుస్తుంటే ప్రతి కట్ట దగ్గరా ఆగాలనిపిస్తుంది, ఆ చెరువు ఇదేనేమోనని.