రంధా పుస్తకం

సాయిబులు పుస్తకం కోసం తిరుగుతున్నారంటే అది దీన్ పుస్తకమే అయ్యుంటుందని మీరనుకుంటారు. మమ్మల్ని మసీదు గుమ్మంలో తప్ప ఇంకెక్కడా చూడని కళ్లు మీవి. మేము ఏడేళ్లు వెతికిన పుస్తకం వేరు. అది రంధా మిషన్ పుస్తకం.

మేము కర్నూలు వాళ్లం. చెక్కపని వాళ్లం. మా తాత పెద్దరంపం లాగాడు, దుంగ మీద ఒకరు, కింద గుంటలో ఒకరు నిలబడి. మా అబ్బా ఉలి పట్టాడు. మేము 1994లో అప్పు చేసి మిషన్ కొన్నాం. ఒకటే మోటారు, ఒకటే ఇరుసు. మధ్యలో రంధా, ఒక పక్క రంపపు చక్రం, చివర బరమా. చెక్క నున్న చేయాలన్నా, కోయాలన్నా, బెజ్జం వేయాలన్నా, గాడి తీయాలన్నా అదే. నలుగురి పని ఒక్కటే చేస్తుంది. నలుగురి వేళ్లూ ఒక్కటే తీసుకోగలదు. ఆ రెండో సంగతి అమ్మినవాళ్లు చెప్పలేదు.

మిషన్‌తో ఒక్క కాగితం వచ్చింది. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు హిందీ. తెలుగులో లేదా అని అడిగాం. "నీకెందుకు సాయిబూ తెలుగు? మీ ఉర్దూ, ఈ హిందీ ఒకటే గదా" అన్నాడు కొట్టాయన. మాట ఒకటే కావచ్చు. అక్షరం ఒకటి కాదు. హిందీ అక్షరాలు ఆరో తరగతిలో నేర్పుతారు. మేము అయిదుతోనే బడి మానినవాళ్లం. ఇంట్లో మాట్లాడే ఉర్దూని మేము రాయలేం. ఖురాన్ అరబ్బీలో చదువుతాం, అర్థం కావాలంటే తెలుగు తర్జుమా తెరవాలి. కూలి లెక్క రాసుకునేది, చుట్టాలకు జాబు రాసేది, శుభలేఖ అచ్చేయించేది తెలుగులోనే. ఈ ముక్క మీకు చెబితే నమ్మరు. పైనుంచి వచ్చిన మౌల్వీసాబుకు చెబితే సిగ్గు లేదా అంటాడు. మరి మేమెక్కడ నిలబడాలి?

1996లో వేపచెక్క కోస్తుంటే చక్రం చెక్కను వెనక్కి తన్నింది. పట్టుకున్న చెయ్యి ముందుకు జారింది. మాలో చిన్నవాడికి కుడిచేతి రెండువేళ్లు పోయాయి. అందులో ఒకటి షహాదత్ వేలు. నమాజులో అత్తహియ్యాత్ దగ్గర ఎత్తాల్సిన వేలు. ఇప్పటికీ వాడు ఆ చోటికి వచ్చేసరికి చెయ్యి కొంచెం కదిలి ఆగిపోతుంది. పక్కన కూర్చున్న మాకు తల తిప్పి చూసే ధైర్యం లేదు. అందరూ అల్లా మర్జీ అన్నారు. మేమూ అన్నాం. అలా అనుకుంటే తప్ప ఆ రాత్రులు గడవలేదు.

కానీ లోపల ఒక అనుమానం మిగిలింది. అది మర్జీయేనా? మాకు తెలియనిదేదో ఉందా? అప్పట్నుంచి పుస్తకం కోసం పడ్డాం. విజయవాడ ఏలూరు రోడ్డు తిరిగాం. హైదరాబాదు కోఠీ తిరిగాం. వడ్రంగం పుస్తకమంటే గృహవాస్తు చూపించారు. మా టోపీలు చూసినవాళ్లు నమాజు నేర్చుకునే పుస్తకం చూపించారు. చివరికి 2003లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బొమ్మల్లో ఉన్నది మా మిషన్ కాదు గానీ దాని అక్కయ్య. ఒకటే మోటారు, అయిదు పనులు.

మా చెల్లెలి కూతురు అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇషా తర్వాత చదివి వినిపించేది. ఆ మిషన్ పేరు షాప్‌స్మిత్. హాన్స్ గోల్డ్‌ష్మిట్ అనే ఆయన కనిపెడితే 1947లో అమెరికాలో బజారుకొచ్చింది. రంపం, తిరుగుడు పట్టెడ, ఇసక కాగితపు బిళ్ల, నిలువు బరమా, అడ్డం బరమా అన్నీ అందులోనే. డి క్రిస్టోఫోరో అనే ఆయన 1953లో అందరికీ అర్థమయ్యేలా ఈ పుస్తకం రాశాడు. తర్వాత ఆ కంపెనీ, కొన్నవాళ్ల కోసం ఏకంగా ఒక పత్రిక కూడా నడిపింది. అక్కడ మిషన్ కొన్నవాడికి చదవాల్సిన హక్కుంది. ఇక్కడ మాకు బిల్లు ఒక్కటే ఇచ్చారు.

ఒక రాత్రి ఆ పిల్ల చదువుతూ ఆగింది. "మామూ, చక్రం వెనక ఒక ఇనపరేకు ఉండాలంట. మన మిషన్‌కి ఉందా?"

లేదు. ఉండాలని కూడా మాకు తెలియదు. చక్రం ముందువైపు పళ్లు కిందికి దిగుతాయి, వెనకవైపు పళ్లు పైకి లేస్తాయి. కోసిన చెక్క సందు మూసుకుపోతే వెనక పళ్లను పట్టేస్తుంది. అప్పుడు చక్రం ఆ చెక్కను ఎత్తి మన మీదికే విసురుతుంది. సందు మూసుకోకుండా చక్రం వెనక ఒక సన్నటి రేకు నిలబడితే చాలు. ఆ రాత్రి చిన్నవాడు చెయ్యి చూసుకుని, "ఇన్నేళ్లూ అల్లా మీద వేశాం గదా" అన్నాడు. అంతే అన్నాడు.

పొద్దున్నే రేకు చేయించి బిగించాం. అది మా ఒక్కరి దగ్గరే ఉంటే పాపమనిపించింది. మా గల్లీలో మిషన్ లేని కొట్టు లేదు, అన్ని వేళ్లూ ఉన్న కొట్లు తక్కువ. తెలుగులో రాద్దామన్నాం. అమ్మాయి చెబుతుంటే మేము రాశాం. మాటల దగ్గర చిక్కొచ్చింది. మేము రంధా అంటాం. మా పక్క కొట్టు ఆచారన్న చిత్రిక అంటాడు. ఆయన్నే పిలిచాం. "రెండూ రాయి భాయ్, నీ రంధాతో పాటు నా చిత్రిక కూడా బతుకుతుంది" అన్నాడు. పద్నాలుగు పేజీలయింది. రంధా బ్లేడ్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, వెనక బల్ల ఆ ఎత్తుకే ఉండాలి. అడుగు కన్నా పొట్టి చెక్కను చేత్తో రంధాకు పెట్టకూడదు. చక్రం దగ్గరికి చెయ్యి కాదు, తోపుడు కర్ర పోవాలి. తిరిగే ఇరుసు దగ్గర చేతి తొడుగులు వద్దు.

మొదటి పేజీ పైన ఏం రాయాలి? జకరియ్యా ప్రవక్త వడ్రంగి అని హదీసుంది, మాకు బిస్మిల్లా రాయాలని ఉంది. ఆచారన్నకు విశ్వకర్మ ఉన్నాడు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి ఆచారన్నే కలం తీసుకుని, "మెయిన్ ఆపు. తర్వాత ముట్టుకో" అని రాశాడు. అందరం ఒప్పుకున్నాం.

నలభై కాపీలు తీయించడానికి వెళ్లింది 2007 ఎండాకాలంలో. మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. చచ్చింది మావాళ్లు, పట్టుబడిందీ మా పిల్లలే. ఆ పిల్లలు నిర్దోషులని కోర్టు తర్వాత చెప్పింది. ఆ రోజుల్లో టోపీ పెట్టుకుని కాగితాల కట్ట పట్టుకోవడమే నేరంలా ఉండేది. జిరాక్స్ కొట్టాయన ప్రతి పేజీ తిప్పి తిప్పి చూశాడు. "ఏం కాగితాలప్పా ఇవి? ఎవరికి పంచుతారు?" అన్నాడు. రంధా మిషన్ గురించి అన్నాం. నమ్మలేదు. చక్రం బొమ్మ చూసి, ఇదేంటన్నాడు. మాటలు చాల్లేదు. చిన్నవాడు కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు మిషన్ ఆన్ చేశాడు.

మేము తెలుగువాళ్లమని, పనివాళ్లమని రుజువు చేసుకోడానికి తెగిన వేళ్లు చూపించాల్సి వచ్చింది. మీరెప్పుడైనా ఏ కాగితానికైనా అలాంటి రుజువు చూపించారా?

2024లో అమాండా లాంజిల్లో అనే ఆమె 'పయస్ లేబర్' అని ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చింది. బ్రిటిషువాళ్ల కాలంలో ముస్లిం చేతిపనివాళ్లు తమ పనుల గురించి ఉర్దూలో పుస్తకాలు రాసుకున్నారని, పంచుకున్నారని అందులో ఉంది. వలస వడ్రంగుల మీద ఒక అధ్యాయమే ఉంది. మా అమ్మాయి చెబితే విని ఆశ్చర్యపోయాం. మేమేదో కొత్తగా చేశామనుకున్నాం. తాతలు వాళ్ల భాషలో చేసిందే మేము మా భాషలో చేశాం.

ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చాలా ఉన్నాయి. కనిపించాలని గార్డు తీసేసి చూపించేవే ఎక్కువ. అందుకే మా పద్నాలుగు పేజీలు ఇంకా తిరుగుతున్నాయి. ఎవరెవరో కాపీ మీద కాపీ తీసి అక్షరాలు అలికిపోయాయి. కొందరు పైన ఓం రాసుకున్నారు, కొందరు 786 వేసుకున్నారు. దాని కింద ఆచారన్న రాసిన వాక్యం మాత్రం ఎవరూ కొట్టేయలేదు.